నాలుగని రాశాను

కళ్ళు మూసుకో అక్కా, అన్నాను, మూసుకుంది. తెరిచి ఉంచినా చూడటానికి అక్కడేం లేదు, ముఖానికి జానెడు పైన తెల్లటి గొట్టం తప్ప, అయినా ఏడాదికోసారి ఇదే మాట చెప్తాను, ఏడాదికోసారి సైరకాన్ చిన్నపిల్లలా రెప్పలు బిగించి మూసుకుంటుంది. భయమేస్తే నొక్కమని రబ్బరు బుడ్డి ఎడమ చేతిలో పెట్టాను. కుడి చేతికి నొక్కే బలం లేదు. బల్ల లోపలికి జరిగింది. నేను తలుపు వేసుకుని అద్దానికి ఇవతల కుర్చీలో కూర్చున్నాను. నలభై నిమిషాలు. మామూలుగా ఎమ్మారై యంత్రం దగ్గర టెక్నీషియన్ ఉంటాడు, నేను పక్క గదిలో బొమ్మలు చదువుకుంటాను, ఇవాళ అతను కూతురి పెళ్ళని సెలవు పెట్టాడు, మీటలన్నీ నేనే నొక్కాలి, తొమ్మిదేళ్ళలో మొదటిసారి అద్దానికి అవతల ఆమె, ఇవతల నేను, మధ్యలో ఇంకెవరూ లేరు. బయట వరండాలో బెంచీ మీద ఆమె భర్త ఇమన్‌కుల్ ఉన్నాడు, ఒళ్ళో ఆమె కోటు పెట్టుకుని. ఈ నలభై నిమిషాలూ అయ్యాక ఆయనకి చెప్పేస్తాను. పొద్దున టీ తాగుతూ అనుకున్నాను, వ్యానులో నిలబడి వస్తూ అనుకున్నాను, గేటు దగ్గర ఆయన నన్ను చూసి టోపీ తీసి గుండె మీద చెయ్యి పెట్టుకుని "బాగున్నారా డాక్టరమ్మా, పిల్లలు బాగున్నారా, దగ్గు తగ్గిందా" అని అడిగినప్పుడు మాత్రం, ఇంకో ఏడాది ఆగితే ఏం పోయింది అనిపించింది. ఇంతకుముందు ఎనిమిదిసార్లూ అలాగే అనిపించింది.

యంత్రం కొట్టుకోవడం మొదలుపెట్టింది. టక్, టక్, టక్, చెక్కమీద సుత్తితో ఎవరో నింపాదిగా కొడుతున్నట్టు. నాకు ఈ చప్పుడు వినబడటం మానేసి చాలా ఏళ్ళయింది, ఆమె వచ్చినరోజు మాత్రం వినబడుతుంది. పాత డీజిల్ బస్సు చలికాలం పొద్దున ఇంజను పట్టుకోవడానికి ముందు ఇలాగే దగ్గుతుంది. నేను వైద్య కళాశాలలో ఉండగా సెలవలకి మా ఊరు తలాస్ వెళ్ళాలంటే రాజధాని బిష్కెక్‌లో పడమటి బస్‌స్టేషన్లో ఎక్కాలి, రెండు కనుమలు దాటాలి, మంచు పడితే రోజంతా అక్కడే పడుండాలి, మూట మీద కూర్చుని, వేడి రొట్టె చంకలో పెట్టుకుని. అప్పుడు పైనుంచి ఒక గొంతు వచ్చేది. మైకులో అందరూ ముక్కుతో మాట్లాడతారు, ఈ గొంతు మాత్రం పక్కన కూర్చుని చెప్తున్నట్టుండేది. "తలాస్ వెళ్ళేవాళ్ళు కూర్చోండి, కనుమ మూసేశారు, తెరిచాక నేనే లేపుతాను, నిద్రపోండి." "నరీన్ బస్సు, రెండో వరుస. ఇమన్‌కుల్, అద్దంలో నీ మీసం బాగానే ఉంది, ఇక బండి తియ్యి." స్టేషనంతా నవ్వేది. ఆ ఇమన్‌కుల్ ఎవడో బస్సు కిటికీలోంచి చెయ్యి ఊపేవాడు. మరుసటి చలికాలానికి అదే గొంతు "ఇమన్‌కుల్, అన్నం డబ్బా మర్చిపోయావు, పెళ్ళయ్యాక మతి కూడా పోయిందా" అంది. నేను ఎక్కడో మూలన కూర్చుని, ఈ అమ్మాయి మొహం ఎలా ఉంటుందో అనుకున్నాను. పదిహేనేళ్ళ తర్వాత చూశాను, ముందు బయట నుంచి చూశాను, తర్వాత లోపలి నుంచి.

లోపలి నుంచి అంటే ఇలాగే, ఈ తెరమీద, పలక పలకగా కోసిన బూడిదరంగు బొమ్మలు. ఆమె తొమ్మిదేళ్ళ కిందట మార్చిలో వచ్చింది. మైకు ముందు కూర్చుని బాలిక్చి ఊరి పేరు అనబోయి బకెట్టు అందట, అందరూ జోకనుకున్నారు, మర్నాడు కరకోల్ అనబోతే ఏ మాటా రాలేదు, కుడి చెంప లాక్కుపోయింది, రెండు నిమిషాల్లో సర్దుకుంది. ఈ గదిలోకి వస్తూనే గొంతు గుర్తుపట్టాను. "డాక్టరమ్మా, నా తలలో ఏదో బస్సు రోడ్డుకి అడ్డంగా ఆగిపోయినట్టుంది, కాస్త చూసి పక్కకి తీయించండి," అంది. మీరు తలాస్ బస్సు పిలిచే ఆవిడ కదూ అన్నాను. "నువ్వు తలాస్ పిల్లవా? అయితే ఎన్నోసార్లు నిన్ను నిద్రపుచ్చి ఉంటాను," అంది. ఇప్పుడు అద్దం అవతల గొట్టంలోంచి ఆమె పాదాలు కనిపిస్తున్నాయి, ఆసుపత్రి చెప్పుల్లో, కుడి పాదం కొంచెం లోపలికి తిరిగి. మొదటి వరుస బొమ్మలు వచ్చేశాయి. ఎడమ కణతి వెనక, నుదుటి భాగం కింద, నల్లటి గుంట. గడ్డ తీసేసిన చోటు. గుంట అంచులు పోయిన ఏడాది ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. ఆ గుంటలో మాట ఉండేది. మార్లెన్ దాన్ని మాట ఇల్లు అనేవాడు.

మార్లెన్ బోలోతొవిచ్, ఆమెని కోసిన సర్జను. వాళ్ళ నాన్న కమ్యూనిస్టు పార్టీలో పెద్దమనిషి, కొడుక్కి ఇద్దరు నాయకుల పేర్లు కలిపి ఒకే పేరు పెట్టాడు, "ఇద్దరి బరువూ మోస్తున్నా, అందుకే ఒంగిపోయా" అనేవాడు. అంత పెద్ద చేతులతో అంత సన్న పని చేసే మనిషిని నేను ఇంకొకర్ని చూడలేదు. ఫిల్మును కిటికీకి ఆనించి పట్టుకుని నీలం పెన్సిలుతో గీత గీసేవాడు, ఇక్కడిదాకా వెళ్తా, ఇక్కడ ఆగుతా. సైరకాన్ ఫిల్ము మీద కూడా గీశాడు. "చూశావా జిపారా, గీతకి ఇవతల గడ్డ, అవతల మాట ఇల్లు. గడ్డ ఇంటి గోడలోకి పాకింది. ఆ గోడ దగ్గర కాస్త వదిలేస్తా. నిదానం రకమైతే ఆ వదిలిన ముక్కతో పదేళ్ళు, పదిహేనేళ్ళు బతుకుతారు. నువ్వు నీ కొత్త విద్యతో చెప్పు, ఇది నిదానమా, పరుగా?" అన్నాడు. మెదడు గడ్డలకి ఒకటి నుంచి నాలుగు దాకా మెట్లు. రెండంటే ఏళ్ళు. నాలుగంటే నెలలు. అంతకుముందు మా దగ్గర గడ్డ కోసి ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద పెడితే గాని మెట్టు తెలిసేది కాదు, పన్నెండు రోజులు పట్టేది, అప్పటికి కత్తి తన పని చేసేసి ఉండేది. నేను అప్పుడే నోవొసిబిర్‌స్క్‌లో మూడు నెలలు నేర్చుకుని వచ్చాను. మామూలు ఎమ్మారై గడ్డ ఎక్కడుందో చూపిస్తుంది, ఎంతుందో చూపిస్తుంది. కొత్త పద్ధతులు అది ఎలాంటిదో చెప్తాయి, కోయకముందే. నరంలోకి మందు పంపి, ఆ మందు రక్తంతో పాటు గడ్డలోంచి ఎంత పారిందో సెకను సెకనుకీ కొలిస్తే ఒక రంగుల పటం వస్తుంది. చెడ్డ గడ్డ రక్తం ఎక్కువ తాగుతుంది, ఎర్రగా వస్తుంది. మంచి గడ్డ నీలంగా ఉంటుంది. ఆసుపత్రి అంతటిలో ఆ పటం తీయడం నాకొక్కదానికే వచ్చు. ఎలా మరిచిపోతాను, తెల్ల కోటు జేబులో చేతులు పెట్టుకుని నడిచేదాన్ని.

యంత్రం చప్పుడు మారింది, ఇప్పుడు సన్నటి గుయ్యి, ఈగ అద్దానికి కొట్టుకుంటున్నట్టు. ఇంకా ఇరవై ఆరు నిమిషాలు. బాగుందా అక్కా, అన్నాను మైకులో. నా మాట ఆమె చెవుల్లోకి వెళ్తుంది, నేనిక్కడ, మైకు నా దగ్గర, వినేది ఆమె. జవాబుగా ఎడమ పాదం రెండుసార్లు ఊపింది. ఇది మా ఇద్దరి ఒప్పందం. ఒకటైతే లేదు, రెండైతే అవును.

ఆమె పటం ఎర్రగా వచ్చింది. ఎర్రగానే కాదు, నిప్పులాగా. నేను తెరకి దగ్గరగా జరిగి నా గుండె చప్పుడు నేను విన్నాను, అది బాధ కాదు, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, అది సంతోషం. పట్టుకున్నాను అన్న సంతోషం. మామూలు బొమ్మల్లో ఆ గడ్డ బుద్ధిమంతురాలిలా ఉంది, మందు పీల్చుకోలేదు, చుట్టూ వాపు లేదు, పదిమందిలో తొమ్మిదిమంది రెండు అనే రాసేవాళ్ళు. నేను మాత్రం దాని లోపలి గుణం చూశాననుకున్నాను. నోవొసిబిర్‌స్క్‌లో రాసుకున్న నోటు పుస్తకం సొరుగులోనే ఉంది. అందులో ఒక వాక్యం ఉంది, నా చేతిరాతే, కింద గీత కూడా నేనే గీశాను. నిదానం గడ్డల్లో ఒక రకం ఉంది, దాని సన్న రక్తనాళాలు వలలాగా అల్లుకుని ఉంటాయి, దాని పటం కూడా ఎర్రగానే వస్తుంది, లోపల సున్నం చుక్కలు కనిపిస్తే మరీ జాగ్రత్తగా ఉండాలి. సైరకాన్ గడ్డలో సున్నం చుక్కలు ఉన్నాయి, రెండు. నేను చూశాను. చూడలేదని అనుకోవడానికి చాలా ఏళ్ళు ప్రయత్నించాను, కుదరలేదు, ఎందుకంటే రిపోర్టు మూడో వరుసలో నేనే రాశాను, సున్నం చుక్కలు రెండు అని. ఆ వరుస నుంచి ఆఖరి వరుస దాకా నా చెయ్యి ఎలా నడిచిందో నాకే తెలీదు. ఆఖరి వరుసలో నాలుగని రాశాను.

మర్నాడు డాక్టర్లందరూ కూర్చున్నారు, పదకొండు మంది, అందరూ మగవాళ్ళు, అందరూ నాకన్నా పెద్దవాళ్ళు, అందరి ముందూ టీ గ్లాసులు. రంగులపటం తెరమీద వేశాను. ఒకాయన "మా మనవరాలు కూడా ఇలాగే రంగులేస్తుంది" అన్నాడు. నవ్వులు. మార్లెన్ నవ్వలేదు. నా మొహంలోకి చూసి, "జిపారా అసనొవ్నా, ఎంత నమ్మకం?" అన్నాడు. అందరిముందూ నన్ను తండ్రి పేరుతో కలిపి పిలిచాడు, గౌరవంగా. ఆ గౌరవానికి తగ్గట్టు ఏదో ఇవ్వాలి కదా. "తొంభై శాతం," అన్నాను. ఎక్కడిది ఆ తొంభై? ఎవరు కొలిచారు? ఏ పుస్తకంలో ఉంది? నోటికొచ్చింది. అరవై అంటే మనవరాలి రంగులే అయ్యేవి, తెలీదు అంటే నన్ను నోవొసిబిర్‌స్క్ పంపడం దండగ అయ్యేది, తొంభై అనగానే టీ గ్లాసులు కింద పెట్టారు. మార్లెన్ జేబులోంచి పెన్సిలు తీశాడు. తన గీతనే తను రబ్బరుతో చెరిపాడు. "నాలుగైతే ఆగను. నాలుగుతో మర్యాదలు పనికిరావు. గోడ పగలగొట్టి లోపలికెళ్ళి మొత్తం తీస్తా. మాట పోతుంది, మనిషికి ఇంకో ఏడాది వస్తుంది," అన్నాడు. రోగిని మెలకువగా ఉంచి మాట్లాడిస్తూ కోసే పద్ధతి అప్పటికి మా దగ్గర లేదు. ఇమన్‌కుల్‌ని పిలిచి చెప్పారు. ఆయన ఆమెతో చెప్పాడు. ఆమె ఒకటే అడిగిందట, "మాట పోతే బతుకుతానా?" "బతుకుతావు" అన్నాడట. "అయితే తీసుకోమను. నువ్వు చెప్పేది నేను వింటాలే, ఇన్నాళ్ళూ నీకు వంతు రాలేదు," అందట. అవి ఆమె తీరుబడిగా మాట్లాడిన ఆఖరి మాటలు. ఇవి కూడా నాకు ఇమన్‌కుల్ చెప్పాడు, నవ్వుతూ, ఎన్నో ఏడో గుర్తులేదు.

పన్నెండో రోజు ముక్క పరీక్ష వచ్చింది. రెండు. వల అల్లుకున్న రకం. ఆ కాగితం పట్టుకుని మార్లెన్ నా గదికొచ్చి తలుపేశాడు. తిట్టలేదు. కుర్చీలో కూర్చుని చాలాసేపు తన చేతుల వంక చూసుకున్నాడు. "మంచి వార్తే కదా," అన్నాడు చివరికి. "బతుకుతుంది. నాలుగనుకుంటే రెండు." మంచి వార్తే, అన్నాను. ఇద్దరం ఆ మంచి వార్త మధ్యలో పెట్టుకుని కూర్చున్నాం. దానిగురించి మళ్ళీ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఆ సాయంత్రమే ఇమన్‌కుల్ వచ్చాడు, పెద్ద గిన్నెనిండా బోర్సోక్‌లు, నూనెలో వేయించిన పిండిముద్దలు, గుడ్డలో చుట్టిన మాంసం, ఇంత వెన్న. డిపార్ట్‌మెంటులో అందర్నీ కౌగలించుకున్నాడు. "నాలుగుని రెండు చేశారు! మా బస్సులవాళ్ళందరికీ చెప్పాను, ఇంతింత చేతులాయన నాలుగుని కోసి రెండు చేశాడని, ఆ చిన్నమ్మ చూసి చెప్పిందని!" ఆయన అలా అర్థం చేసుకున్నాడు. కోస్తే మెట్టు దిగుతుందని. ఎవరో ఒకరు చెప్పాలి, అలా కాదన్నా అని. పదకొండు మందిలో ఏడుగురు ఉన్నారు ఆ గదిలో. మార్లెన్ కిటికీ వైపు తిరిగాడు. నేను బోర్సోక్ తీసుకున్నాను. ఇంకా వెచ్చగా ఉంది. తిన్నాను. ఇంకోటి పెట్టాడు, అదీ తిన్నాను. ఈ చేతులే, ఈ నోరే.

ఆ తర్వాత ఏడాదికోసారి నవంబరులో వచ్చేవాళ్ళు. మొదటి ఏడు ఆమె నోట్లో అవును, కాదు, అమ్మ, ఇదిగో ఉండేవి. తర్వాత మరికొన్ని వచ్చి చేరాయి. మాటలు నేర్పే టీచరమ్మ పాటలు పాడించేది, విచిత్రం, పాటలో వచ్చే మాట విడిగా వచ్చేది కాదు. ఒకరోజు స్టేషన్ మీదుగా వెళ్తుంటే ఆమె ఉన్నట్టుండి తోక్‌మోక్, బాలిక్చి, చోల్పన్-అతా, కరకోల్ అని బస్సు ఆగే ఊళ్ళ వరుస మొత్తం గబగబా అప్పజెప్పేసిందట, ఇమన్‌కుల్ బండి పక్కకి ఆపి ఏడ్చాడట, ఇంటికెళ్ళాక మంచినీళ్ళు అడగడానికి మళ్ళీ చెయ్యే చూపించిందట. మనం చెప్పేది మాత్రం అంతా అర్థమవుతుంది. జోకులకి అందరికన్నా ముందు నవ్వుతుంది. జవాబు చెప్పబోతుంది, పెదాలు కదులుతాయి, మెడ నరాలు బిగుసుకుంటాయి, ఏదో గుమ్మందాకా వచ్చి ఆగిపోతుంది, అప్పుడు కళ్ళు మూసుకుని చెయ్యి విసిరేస్తుంది, పోనీలే అన్నట్టు. ఆ చెయ్యి విసరడం చూడలేక నేను రిపోర్టు వంక చూసేదాన్ని. ఆ తొమ్మిదేళ్ళలో నేను మూడు వందలకి పైగా గడ్డలు చదివాను. తొంభై అన్న మాట మళ్ళీ అనలేదు. ఎరుపు కనిపిస్తే ఎరుపని రాస్తాను, సున్నం కనిపిస్తే సున్నమని రాస్తాను, ఆఖరి వరుసలో రెండు దారులూ రాసి, ముందు ఇక్కణ్ణుంచి చిన్న ముక్క తీసి చూడండి అని చోటు గుర్తు పెడతాను. కుర్ర డాక్టర్లు విసుక్కుంటారు, ఈవిడ ఏదీ తేల్చదని. చాలామందికి మేలే జరిగింది. అయితే ఏంటి? మూడు వందల మంది మేలుని కుప్పగా పోసి దానివెనక సైరకాన్‌ని దాచాలని చూస్తున్నానా?

ఆగస్టులో మార్లెన్ పోయాడు. గుండె. వాళ్ళ పెరట్లో యుర్తా, గుండ్రటి గుడారం, వేశారు, లోపల ఆడవాళ్ళు శోకాలు పెడుతున్నారు, బయట మగవాళ్ళు బారుగా నిలబడ్డారు. ఇమన్‌కుల్ వచ్చాడు, సైరకాన్‌ని తీసుకుని, ఆమె కుడి కాలు ఈడుస్తూ. భోజనాల దగ్గర లేచి నిలబడ్డాడు, ఎవరూ అడగకుండానే. "ఈయన మా ఇంటికి దేవుడిచ్చిన చెయ్యి. నాలుగుని రెండు చేశాడు. ఆయన పక్కన ఈ డాక్టరమ్మ లేకపోతే ఆయనకి ఎలా తెలిసేది?" అని నన్ను చూపించాడు. అందరూ నా వైపు చూశారు. సైరకాన్ కూడా చూసింది, తల ఊపుతూ. నేను పళ్ళెంలోకి చూశాను. మిగతా డాక్టర్లు ఎప్పుడో మరిచిపోయారు, ఇక ఈ సంగతి మోసేది భూమ్మీద నేనొక్కదాన్నే. ఈసారి చెప్పేయాలని ఆ రోజే అనుకున్నాను.

మందు పంపే సమయం వచ్చింది. మీట నొక్కాను. ఇప్పుడు కొంచెం చల్లగా పాకుతుంది అక్కా. పాదం రెండుసార్లు ఊగింది. తొంభై సెకన్లు, యంత్రం గబగబా ఒకే చోట కొడుతుంది, మందు మెడలోంచి పైకెక్కి, మెదడంతా పరుచుకుని, దిగిపోతుంది. లెక్క కట్టడానికి ఇంకో నిమిషం. తెరమీద పటం గళ్ళుగళ్ళుగా నిండింది. గుంట చుట్టూ నీలం. పైన నీలం, కింద నీలం, గోడ పగలగొట్టిన చోట నీలం. ఎక్కడా ఒక్క ఎర్రచుక్క లేదు. తొమ్మిదేళ్ళు. ఇలా ఉందంటే మార్లెన్ మొత్తం తీసేయడం వల్లేనేమో. గీత దగ్గర ఆగి ఉంటే ఆ మిగిలిన ముక్క ఈపాటికి పెరిగి ఉండేదేమో, పెరగకపోయి ఉండేదేమో, మాట్లాడుతూ, మైకులో మొగుణ్ణి ఆటపట్టిస్తూ, హాయిగా ఉండేదేమో. ఈ ఏమోలకి పటం తీసే యంత్రం ఎవరూ తయారుచేయలేదు. బల్ల బయటికి లాగాను, సూది తీసి దూది పెట్టాను, బాగుంది అక్కా, శుభ్రంగా ఉంది, అన్నాను. ఆమె నా చెంప మీద తట్టింది. నెమ్మదిగా లేచి కూర్చో, నేను అన్నకి చెప్పి వస్తాను, అన్నాను. తలుపు సరిగా వేశానో లేదో చూసుకోలేదు.

ఇమన్‌కుల్ నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. "బాగుందా?"

"బాగుంది అన్నా. ఏం లేదు."

"దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి." కూలబడ్డట్టు బెంచీ మీద కూర్చున్నాడు. "ప్రతిసారీ ఈ నలభై నిమిషాలూ నాకు కనుమలో బ్రేకులు పోయినట్టుంటుంది డాక్టరమ్మా."

పక్కన కూర్చున్నాను. "అన్నా, నీకో మాట చెప్పాలి. అప్పుడు నేను నాలుగని రాశాను."

"తెలుసు కదా. మీరు దాన్ని రెండు చేశారు."

"చెయ్యలేదు. ఎవరూ చెయ్యలేరు. అది మొదటినుంచీ రెండే. నేను తప్పు చదివాను."

ఆయన నవ్వు మొహం అలాగే ఉంది, లోపల మనిషి మాత్రం కదలడం మానేసినట్టు. బయట ఎవరో మంచుమీద బొగ్గు బండి లాగుతున్న చప్పుడు. "రెండని రాసుంటే?" అన్నాడు.

"మార్లెన్ గీత దగ్గర ఆగేవాడు."

"ఆగితే దానికి మాట ఉండేదా?"

"చాలావరకు ఉండేది."

"ఆగితే ఇవాళ్టికి బతికుండేదా?"

"చాలామంది బతుకుతారు. కొంతమందికి మళ్ళీ వస్తుంది. ఈమెకి ఎలా అయ్యేదో తెలీదన్నా."

"ఇప్పుడు తెలీదంటున్నావు," అన్నాడు. తొమ్మిదేళ్ళుగా నన్ను మీరు అన్న మనిషి ఇప్పుడు నువ్వు అన్నాడు. "అప్పుడు అనాల్సిన మాట ఇప్పుడంటున్నావు." గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది. కోటు కాలరు సరిచేశాడు, మళ్ళీ సరిచేశాడు. "మా మనవరాలు అడుగుతుంది, నానమ్మా నువ్వెందుకు మాట్లాడవు అని. నానమ్మేమో ఇలా నోటిమీద వేలు పెట్టి, ఆ వేలు తీసి ఇలా గుండెమీద పెట్టుకుంటుంది. ఇది ఇచ్చి ఇది తెచ్చుకున్నా అని. గొప్పగా చెప్తుంది. బేరంలో గెలిచినట్టు." ఆయన కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం తెలీనట్టు కూర్చున్నాడు. "దానికి చెప్పకు. నీ కాళ్ళు పట్టుకుంటా, చెప్పకు. నాకు మాత్రం ఎందుకు చెప్పావు?"

"ఒక్కదాన్నే ఉంచుకోలేకపోయాను."

"నేనుంచుకోవాలా ఇప్పుడు? దాని పక్కన కూర్చుని, దాని వేలు చూస్తూ?"

తలుపు కిర్రుమంది. సైరకాన్ నిలబడి ఉంది, ఆసుపత్రి చెప్పుల్లో, ద్వారబంధం పట్టుకుని. ఆయన మొహం చూసింది. ఆయన గబగబా చేత్తో తుడుచుకున్నాడు, లేచాడు, "ఏం లేదే, బాగుందట, సంతోషమొచ్చి," అన్నాడు. పదిహేనేళ్ళకి పైగా ఆయన మొహాన్ని మైకు గదిలోంచి చూసిన మనిషి ఆమె. ఆయన చెయ్యి తోసేసింది. నా దగ్గరికొచ్చింది, కాలు ఈడుస్తూ, ఎడమచెయ్యి నా కళ్ళముందు పెట్టి ఒక్కొక్క వేలే విప్పింది. ఒకటి. రెండు. మూడు. నాలుగు. నాలుగు వేళ్ళూ నిలబెట్టి నా కళ్ళల్లోకి చూసింది. వచ్చిందా? నాలుగా? భయం లేదు ఆ కళ్ళల్లో, అడగడం ఉంది, అంతే. "కాదు అక్కా, ఏం రాలేదు, నీలంగా ఉంది, రా చూపిస్తాను," అన్నాను. తల అడ్డంగా ఊపింది. మొగుడి మొహం ముందు నా పటం ఏపాటిది? నాలుగు వేళ్ళూ అలాగే ఉన్నాయి. నేను ఇమన్‌కుల్ వైపు చూశాను. ఆయన వద్దన్నట్టు కళ్ళతోనే బతిమాలాడు. చెప్పకపోతే ఆమె ఇవాళ చావు వెంటబెట్టుకుని ఇంటికెళ్తుంది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. రెండు వేళ్ళు నెమ్మదిగా మడిచాను.

"రెండు అక్కా."

ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. భుజం మీదుగా వెనక్కి చూపించింది, మరి అప్పుడు? అన్నట్టు.

"అప్పుడు కూడా రెండే. ఎప్పుడూ రెండే. నేను నాలుగని రాశాను. అందుకే అంత లోపలికి కోశారు."

వరండా చివర ఎవరో నర్సు బకెట్టు పెట్టింది. సైరకాన్ మడిచిన తన వేళ్ళ వంక చూసుకుంది. పెదాలు కదిలాయి. మెడ నరాలు బిగిశాయి. గుమ్మందాకా వచ్చింది, ఆగింది, చెయ్యి విసిరేస్తుందనుకున్నాను, విసరలేదు, మళ్ళీ ప్రయత్నించింది, మొహం ఎర్రబడింది.

"ఎం... ఎందుకు."

ఇమన్‌కుల్ ఒక్కసారిగా ఆమె భుజాలు పట్టుకున్నాడు. "అన్నావు! విన్నావా డాక్టరమ్మా, ఎందుకు అంది, ఈ మాట ఇన్నేళ్ళలో..." అని నవ్వబోయాడు, అప్పుడు ఆ మాట ఏంటో ఆయనకి తెలిసింది, చేతులు జారిపోయాయి.

ఎందుకు రాశావు అనా, ఎందుకు చెప్పావు అనా. "నాకు తెలుసనుకున్నాను అక్కా," అన్నాను. "పదకొండుమంది ముందు తెలీదు అనలేకపోయాను. తెలీదనే నా లోపల ఉంది. రాసి కూడా పెట్టుకున్నాను. అయినా అనలేదు." ఆమె వింటోంది. ఇంకా ఏదో ఉందన్నట్టు ఆగింది. "ఇప్పుడెందుకంటే..." అని నేను ఆగిపోయాను. ఒక్కదాన్నే ఉంచుకోలేక అన్నది ఇందాక వచ్చినంత తేలిగ్గా ఆమె ముందు రాలేదు. ఆమె నా నోటి వంక చూస్తూ ఓపిగ్గా నిలబడింది, మాట కోసం మనిషి ఎంత సేపు తన్నుకుంటాడో ఆమె కన్నా ఎవరికి తెలుసు. నాకు రాలేదు.

వచ్చే నవంబరు తేదీ రాసిన చీటీ నా చేతిలో ఉంది. ఎవరివైపు చాపాలో తెలీక మధ్యలో చాపాను. ఇమన్‌కుల్ దాన్ని చూడనట్టు ఆమెకి కోటు తొడిగాడు, వంగి బూట్లు తొడిగాడు. ఆమె చెయ్యి చాపి చీటీ తీసుకుంది. తుంటికి ఆనించి ఒంటిచేత్తో మడిచింది, కోటు జేబులో పెట్టుకుంది, నా వైపు చూడకుండా నడిచింది. మెట్ల దగ్గర ఆయన చెయ్యి అందించాడు. ఆమె పట్టుకోలేదు. "దానికి చెప్పకు" అన్న ఆయన మాట తలుపు వెనక నుంచి విన్నదని నాకు అప్పుడు తెలిసింది. గోడకి అరచెయ్యి ఆనించి, ఒక్కొక్క మెట్టే దిగింది, ఆయన చెయ్యి అలాగే చాపుకుని, ఒక మెట్టు వెనక.